బొబ్బిలి యుద్ధాన్ని కెమెరాలో పట్టాలంటే

1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులకి కూలిన మట్టికోట ఇవాళ లేదు. బొబ్బిలిలో కనిపించే కోట ఆ తర్వాత కట్టింది. దాని గుమ్మం ఫొటో పెట్టి ‘యుద్ధం జరిగిన కోట’ అని రాసేస్తుంటారు, దయచేసి అలా రాయకండి. యుద్ధం జరిగిన చోటికి గుర్తు యుద్ధస్తంభమే. అక్కడ పొద్దున్నే అరగంట చాలు. దగ్గర నిలబడి కెమెరా పైకెత్తితే స్తంభం వెనక్కి వాలినట్టు పడుతుంది. బాగా వెనక్కి జరిగి, 50 ఎంఎం లెన్సుతో కెమెరా నిటారుగా పట్టండి.

కోటలో రాజకుటుంబం ఉంటోంది కాబట్టి అక్కడున్న పాత ఆయుధాలు చూడాలన్నా, ఫొటో తీయాలన్నా గేటు దగ్గర ముందే అడగాలి. అద్దం వెనకున్న కత్తికి తెల్లచొక్కాతో వెళ్లొద్దు, కత్తి కన్నా మీ చొక్కాయే ముందు పడుతుంది. ముదురు రంగు వేసుకుని, లెన్సు ముందు తొడిగే రబ్బరు హుడ్ అద్దానికి ఆనించి తీయండి.

అసలు యుద్ధం దొరికేది బుర్రకథలోనే. బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడు, బుస్సీతో కలిసొచ్చిన విజయనగరం రాజు విజయరామరాజు గుడారంలోకి దూరే ఘట్టానికి కథకుడి ముఖం చూస్తే ఇన్నేళ్ల నాటి కసి ఇంకా ఆరలేదనిపిస్తుంది. ప్రదర్శన ఎక్కడో, ఎన్నింటికో దళం వాళ్లనే అడిగి, కథకి ముందే వెళ్లండి. కథకుడికి ఇటూ అటూ నిలబడి వంత పాడే ఇద్దరిలో నవ్వించే హాస్యం వంత ఎవరో, లోకం సంగతులు మాట్లాడే రాజకీయం వంత ఎవరో అప్పుడే తెలుసుకోవాలి. కథకుడు, హాస్యం వంత ఇద్దరూ ఒకే ఫ్రేములో పడే పక్కన కూర్చోండి. ఎదురుగా కూర్చుంటే మైకు మూతికి అడ్డొస్తుంది.

పందిరి ఎల్ఈడీ లైట్లతో పెద్ద చిక్కు. మన కరెంటు 50 హెర్ట్జ్, చవక లైటు సెకనుకి 100 సార్లు మిణుకుతుంది. షట్టర్ 1/500 (సెకనులో 500వ వంతు) పెడితే ఫొటోలో అడ్డంగా నల్లచారలు పడతాయి. 1/100 దగ్గర ఆపి, ఎఫ్ 2.8 (లెన్సు తెరుచుకునే మేర), ఐఎస్ఓ 3200 (వెలుగుకి కెమెరా సున్నితత్వం) నుంచి మొదలుపెట్టండి. ఎర్రలైటు పడితే తలపాగా ముద్దైపోతుంది, వెలుగు అర స్టాప్ (ఒక మెట్టులో సగం) తగ్గించి, తర్వాత సరిదిద్దుకోవడానికి వీలుండే రా ఫైల్లో తీయాలి.

1/100కి అడుగు కదిలితే మసకే. అందుకే చరణం చివర కాచుకోండి. కథకుడు తంబురా భుజాన ఎత్తి ఒక్క క్షణం నిలుస్తాడు, వంతలు ‘తందాన తాన’ అందుకుంటారు. కథకుడి బొటనవేలికి తొడిగిన అందె మెరిసేది అప్పుడే. వంతలు వాయించే డక్కీ మీద వేళ్లు మాత్రం 1/50లో మసకగా పడితేనే దరువు కంటికి వినిపిస్తుంది. ఫ్లాష్ వద్దు, కథకుడి కళ్లు చెదిరితే పాట చెదురుతుంది.

కర్రసాము ఉంటే పగలే తీయండి: 1/1000కి కర్ర ఆగుతుంది, 1/60కి చక్రమవుతుంది. ఆడేవాళ్లకీ మీకూ మధ్య రెండు కర్రల పొడవంత దూరం తగ్గకూడదు.

బసకి విజయనగరంలోనే లాడ్జీలు ఎక్కువ. అక్కడి నుంచి బొబ్బిలికి రాయపూర్ లైన్లో రైలుంది, గజపతినగరం, రామభద్రపురం మీదుగా బస్సులున్నాయి. కానీ కథ అర్ధరాత్రి దాటొచ్చు. ఆ ఒక్క రాత్రికీ బొబ్బిలిలోనే గది తీసుకోవడం మేలు. గది సాదాగా ఉన్నా సరే, బ్యాటరీలకి పనిచేసే ప్లగ్గు ఉందో లేదో చూశాకే డబ్బు కట్టండి. పొద్దున్న తీరికుంటే పక్కనే గొల్లపల్లిలో పనసకర్రతో వీణ తొలిచే చేతులున్నాయి.