ఫ్లింట్ హిల్స్ పచ్చికబయళ్లు: ఏ కాలంలో, ఎక్కడ చూడాలి?

ఉత్తర అమెరికాలో ఒకప్పుడు సుమారు 17 కోట్ల ఎకరాల్లో పరచుకున్న ఎత్తుగడ్డి ప్రెయిరీలో (చెట్లు లేని విశాలమైన పచ్చికబయలులో) ఇప్పుడు నాలుగు శాతం కూడా మిగలలేదు. మిగిలినదానిలో ఎక్కువ భాగం తూర్పు కాన్సాస్‌లోని ఫ్లింట్ హిల్స్‌లోనే ఉంది. పైపైన పలచని మట్టి, దాని కిందే చెకుముకిరాళ్లతో నిండిన సున్నపురాతి పొరలు ఉండడం వల్ల ఇక్కడ నాగలి దిగలేదు. పశువుల మేతకు వదిలేయడం వల్లే ఈ నేల బతికింది. కాన్సాస్ సిటీ పరిసరాల్లో స్థిరపడిన తెలుగువారికి ఇది రెండు గంటల దూరం. అయినా ఒకసారి వెళ్లి వచ్చినవారిలో చాలామంది అక్కడ గడ్డి తప్ప ఏమీ లేదంటారు. వారు వెళ్లిన కాలమూ నడిచిన బాటా సరైనవి కాకపోయి ఉండాలని నా నమ్మకం.

మొదట చూడవలసింది స్ట్రాంగ్ సిటీకి ఉత్తరాన, 177వ నంబరు రహదారి పక్కనే ఉన్న టాల్‌గ్రాస్ ప్రెయిరీ జాతీయ సంరక్షణ ప్రాంతం. 1996లో ఏర్పడిన దీని విస్తీర్ణం దాదాపు 10,900 ఎకరాలు. భూమిలో అధికభాగం నేచర్ కన్సర్వెన్సీ అనే సంస్థది. నిర్వహణలో జాతీయ ఉద్యానవనాల శాఖ భాగస్వామి. ప్రవేశ రుసుము లేదు, కాలిబాటలు రాత్రింబవళ్లు తెరిచే ఉంటాయి కనుక తెల్లవారుజాము వెలుగు కోరుకునే ఫొటోగ్రాఫర్లకు ఇంతకంటే అనుకూలమైన చోటు అరుదు. అయితే లోపల గుడారం వేసుకోనివ్వరు. సందర్శకుల కేంద్రం దాటాక నీళ్లూ నీడా దొరకవు. 1881 నాటి సున్నపురాతి భవనాన్నీ, దాని పక్కనున్న పెద్ద పశుశాలనూ త్వరగా చూసి కొండమీది బాట పట్టడం మంచిది. ఆ బాట బైసన్ల (అమెరికా అడవిదున్నల) మేతభూమి గుండా వెళుతుంది. 2009లో దక్షిణ డకోటాలోని విండ్ కేవ్ నుంచి తెచ్చిన కొద్దిపాటి బైసన్లతో ఈ మంద మొదలైంది. వాటికి కనీసం వంద గజాల దూరంలో ఉండాలన్నది ఇక్కడి నియమం. మంద బాటకు అడ్డంగా పడుకుని ఉంటే చుట్టూ తిరిగి వెళ్లాలి, లేదా వెనక్కి రావాలి.

మార్చి చివరి నుంచి ఏప్రిల్ వరకు ఇక్కడివారు గడ్డికి నిప్పు పెడతారు. పూర్వం ఇక్కడి మూలవాసులైన కాన్సా, ఒసేజ్ ప్రజలు చేసిన పనే ఇది. నిప్పు లేకపోతే కొన్నేళ్లలోనే రెడ్ సీడార్ చెట్లూ డాగ్‌వుడ్ పొదలూ అల్లుకుపోయి పచ్చికబయలు చిట్టడవిగా మారుతుంది. గడ్డి దుబ్బుల ప్రాణం వేళ్లలో ఉంటుంది. బిగ్ బ్లూస్టెమ్ అనే ఎత్తుగడ్డి వేళ్లు ఎనిమిది పది అడుగుల లోతుకు దిగుతాయి కనుక పైన కాలినా లోపల చెక్కుచెదరదు. కాలిన కొద్ది రోజులకే నల్లటి బూడిదలోంచి సూదుల్లాంటి పచ్చని మొలకలు లేస్తాయి. వాటిని కొరికే బైసన్ల మూతులకు మసి అంటుకుని ఉంటుంది. ఆ పక్కనే ఏప్రిల్, మే నెలల్లో పుట్టిన దూడలు ఇటుకరంగులో మెరుస్తుంటాయి. ఏడాది మొత్తంలో నాకు అత్యంత ప్రియమైన దృశ్యం ఇదే.

నిప్పుతో చేసే ఈ నిర్వహణను అర్థం చేసుకోవాలంటే మాత్రం కాన్సాస్‌లోనే ఉన్న మ్యాన్‌హటన్ పట్టణం దగ్గరి కోంజా ప్రెయిరీకి వెళ్లాలి. కాన్సాస్ స్టేట్ విశ్వవిద్యాలయం నడిపే ఈ 8,600 ఎకరాల పరిశోధన కేంద్రంలో కొన్ని వాగు పరీవాహకాలను ఏటా, కొన్నింటిని రెండేళ్లకు, నాలుగేళ్లకు, మరికొన్నింటిని ఇరవై ఏళ్లకు ఒకసారి కాలుస్తారు. కొండమీద నిలబడి చూస్తే పొదలు కమ్మిన వాలూ శుభ్రమైన పచ్చిక వాలూ ఒకే చూపులో అందుతాయి. బైసన్లు తిరిగిన చోట మొక్కజాతుల సంఖ్య కాలక్రమాన రెట్టింపయిందని అక్కడి పరిశోధకులు 2022లో ప్రకటించారు. సందర్శకులకు తెరిచిన బాటల నుంచి బైసన్లు దగ్గరగా కనిపించవు. ఫొటోల కోసమే వెళ్లేవారికి నిరాశ తప్పదు.

అన్నీ ఒకేసారి కాల్చడమూ ప్రమాదమే. ప్రెయిరీ కోడి గూడు కట్టడానికి కిందటేటి ఎండుగడ్డి కావాలి. హెన్‌స్లో పిచ్చుకకు కూడా అంతే. అందుకే మేతభూమిని మూడు భాగాలు చేసి ఏటా ఒక భాగాన్నే కాల్చే పద్ధతి నాకు ఎంతో వివేకవంతంగా తోస్తుంది. పశువులు వాటంతటవే కాలినచోటి లేతగడ్డికి చేరతాయి, మిగిలినచోట గడ్డి పెరుగుతుంది, కంచెల అవసరం తగ్గుతుంది. ప్రెయిరీ కోడి పుంజులు వసంతంలో పొద్దు పొడవకముందే పొట్టిగడ్డి మిట్టలపై చేరి, మెడపక్కన నారింజరంగు సంచులు ఉబ్బించి గుమ్మని కూస్తాయి. రోళ్లపాడు బట్టమేక పిట్ట కూడా గొంతు సంచిని ఉబ్బించేదే కనుక మనవారికి ఈ దృశ్యం మరింత ఆసక్తి కలిగిస్తుంది. చీకట్లోనే మాటుగుడిసెలో కూర్చోవాలి, పక్షులు వెళ్లేదాకా కదలకూడదు. ఇందుకోసం నేను దిగిన ఒక వసతిగృహంలో ఎనిమిది దాటితే గాని అల్పాహారం పెట్టమన్నారు. ఫ్లాస్కులో కాఫీ అయినా ఇవ్వమని అడిగినా ఒప్పుకోలేదు. పక్షుల కోసమే అతిథులు వచ్చే ఊళ్లో ఇది సమంజసం కాదు. ముందుగానే అడిగి తెలుసుకోండి.

వసతికి కాటన్‌వుడ్ ఫాల్స్ అందమైన చిన్న ఊరు: ఇటుకలు పరిచిన వీధి, దాని చివర 1873 నాటి న్యాయస్థానం. గదులు తక్కువ కనుక వారాంతాల్లో ముందే మాట్లాడుకోవాలి. తక్కువ ఖర్చులో కావాలంటే ఇరవై మైళ్ల దూరంలోని ఎంపోరియా నయం. శాకాహారులకు భోజనశాలల్లో దొరికేది అంతంతమాత్రమే. పులిహోర కట్టుకుని వెళ్లడమే ఉత్తమం.

జూన్‌లో నారింజరంగు బటర్‌ఫ్లై మిల్క్‌వీడ్ పూస్తుంది. దగ్గరి ఫొటోలకు గాలి పెద్ద అవరోధం కనుక ఉదయం తొలి గంటలోనే తీసుకోవాలి. ఎండ, పిడుదులు రెండూ తీవ్రమే. పొడుగు చేతుల చొక్కా, ప్యాంటు అంచులు మేజోళ్లలోకి దోపుకోవడం తప్పనిసరి. సెప్టెంబరు చివరికి గడ్డి మనిషెత్తు దాటి రాగిరంగుకు తిరుగుతుంది. సూర్యుడికి ఎదురుగా నిలబడి తీస్తే ప్రతి కంకీ వెలుగుతుంది.

నడవలేని పెద్దలు వెంట ఉంటే ఓక్లహోమాలోని పాహస్కా దగ్గరున్న ప్రెయిరీకే నా ఓటు. 1993లో 300 బైసన్లతో మొదలైన మంద అక్కడ ఇప్పుడు వేలల్లోకి చేరింది. కంకర రోడ్డు మీద కారులోనే తిరుగుతూ, కిటికీ అంచున బియ్యపు సంచి పెట్టి దానిపై లెన్స్ ఆన్చి తీసుకోవచ్చు. బయలుదేరేముందు కారులో ఇంధనం నిండుగా పోయించుకోవాలి, దారిలో బంకులు లేవు.