హోమ్‌లో పెరిగినవారే వచ్చి మా హోమ్‌ను పరిశీలించిన మూడు రోజులు

విశాఖపట్నంలో ఒక బాలికల హోమ్‌ను నడిపే ట్రస్టులో నేను ఎనిమిదేళ్లుగా కార్యవర్గ సభ్యురాలిని. అంతకుముందు ముప్పై ఏళ్లు తెలుగు ఉపాధ్యాయురాలిగా పనిచేశాను. గత నవంబరులో మేము రుసుము చెల్లించి పొందిన ఒక సేవ గురించి ఈ సమీక్ష రాస్తున్నాను. బాల్యమంతా హోమ్‌లలో గడిపి, పద్దెనిమిదేళ్లు నిండాక బయటికి వచ్చి, ఈ నగరంలోనే ఉద్యోగాలు చేసుకుంటున్న కొందరు యువతీయువకులు ఈ సేవను అందిస్తున్నారు. హోమ్ నిర్వాహకులు పిలిస్తే వారు వచ్చి, అక్కడి రోజువారీ జీవితాన్ని దగ్గరుండి గమనించి, ఏమి మారాలో చెప్పి, సిబ్బందికి శిక్షణ ఇస్తారు. తమ బృందానికి వారు ఇంకా పేరు పెట్టుకోలేదు.

మా హోమ్ పేరు నేను రాయడం లేదు. సంరక్షణలో ఉన్న పిల్లల గుర్తింపు బయటపడే వివరాలను ప్రచురించకూడదని పిల్లల సంరక్షణ కోసం చేసిన 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టంలోని 74వ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. ఉల్లంఘించినవారికి ఆరు నెలల వరకు జైలు గాని, రెండు లక్షల రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చు. ఆ సెక్షన్ సంగతి మాకు ముందు నుంచీ తెలుసు. తెలిసి కూడా ఎంత తేలికగా తీసుకున్నామో ఆ మూడు రోజుల్లో అర్థమైంది.

వారిని మొదట ద్వారకానగర్‌లోని పౌర గ్రంథాలయంలో కలిశాను. ఒకరు గాజువాకలో మందుల దుకాణంలో పనిచేస్తున్నారు, ఒకరు నర్సు, ఒకరు బి.ఎడ్. చదువుతున్నారు, నాలుగో వ్యక్తి ఆటోనగర్‌లో లేత్ మెషిన్ మీద పనిచేసే యువకుడు. రుసుము మనిషికి రోజుకు 1,500 రూపాయలు, రాకపోకల ఖర్చు అదనం అన్నారు. నలుగురికి మూడు రోజులకు 18,000 రూపాయలు. కార్యవర్గంలో ఈ అంకె చెప్పగానే మా కోశాధికారి గారు, "మనలాంటి వాళ్ల అన్నం తిని పెద్దవాళ్లయిన పిల్లలు మనల్నే డబ్బడుగుతారా అండీ?" అని నొచ్చుకున్నారు. "ఆడిటరు గారు ఫీజు అడిగితే మనం ఎన్నడూ ఇలా అనుకోలేదు కదండీ" అని నేను అన్నాను. ఆయన చెడ్డవారు కారు. పిల్లల కోసం పెన్షన్‌లోంచి ఖర్చు పెట్టే మనిషి. కాని హోమ్‌లో పెరిగినవారు ఎంత పెద్దవారైనా మన ముందు కృతజ్ఞతతోనే నిలబడాలన్న భావన మనందరిలో ఎక్కడో పాతుకుపోయి ఉందని ఆ మాటతో తేటతెల్లమైంది.

అంతకు ముందు ఏడాది బీచ్ రోడ్డులో జరిగిన ఒక సదస్సులో నేను చూసిన దృశ్యం ఇక్కడ చెప్పాలి. హోమ్ నుంచి వచ్చిన ఒక అమ్మాయిని వేదిక మీదికి పిలిచి, తల్లి ఎలా చనిపోయిందో చెప్పమన్నారు. సభలో చాలామంది కళ్లు తుడుచుకున్నారు. శాలువా కప్పి, జ్ఞాపిక ఇచ్చి, ఫొటో తీసి పంపించారు. మధ్యాహ్నం తీర్మానాలు రాయడానికి కూర్చున్న గదిలో ఆ అమ్మాయి లేదు. ఆమెకు బస్సు చార్జీ కూడా ఎవరూ ఇవ్వలేదని తర్వాత తెలిసింది. అనుభవం ఉన్నవారిని సంస్కరణలో భాగస్వాములను చేయడమంటే అది కాదని ఆ రోజే అనిపించింది. ఏది అవునో మాత్రం ఈ నలుగురూ వచ్చాకే తెలిసింది.

జిల్లా బాలల సంరక్షణ అధికారికి ముందుగా రాసి అనుమతి తీసుకున్నాం. ముగ్గురు యువతులు శనివారం సాయంత్రం వచ్చి హోమ్‌లోనే బస చేశారు. యువకుడు పగటిపూట మాత్రమే వచ్చి సిబ్బందితోనూ రికార్డులతోనూ పనిచేశాడు. తనిఖీకి ఎవరొచ్చినా మా హోమ్‌లో వారంరోజుల ముందు నుంచే దుప్పట్లు ఉతకడం, గోడలకు బొమ్మలు అతికించడం మొదలవుతుంది. వీరి విషయంలో కూడా అదే చేశాం. వచ్చిన పావుగంటకే నర్సు అమ్మాయి సూపరింటెండెంట్ గారితో ఎంతో మర్యాదగా, "మేడమ్, కొత్త దుప్పట్లు మా హోమ్‌లో కూడా అధికారులు వచ్చే రోజే తీసేవారు, వెళ్లాక మళ్లీ బీరువాలో పెట్టేవారు. ఇవి సోమవారం తర్వాత కూడా ఉంటాయా?" అని అడిగింది. ఉంటాయని చెప్పవలసి వచ్చింది. ఇప్పటికీ ఉన్నాయి.

సలహాల పెట్టె విషయం ఈ సేవ విలువ తెలిపిన మొదటి సందర్భం. ఆ చట్టం కింద కేంద్రం చేసిన 2016 నమూనా నియమాల ప్రకారం ప్రతి హోమ్‌లోనూ పిల్లలకు అందుబాటులో ఒక పెట్టె ఉండాలి, దాన్ని వారం వారం పిల్లల కమిటీ సభ్యుల సమక్షంలో తెరవాలి. మా పెట్టె సూపరింటెండెంట్ గారి గది గుమ్మం పక్కన ఉండేది. ఏడాదిలో రెండే చీటీలు వచ్చాయి. ఒకటి ఐస్‌క్రీం కోసం, ఒకటి టీవీ కోసం. పిల్లలకు ఫిర్యాదులేవీ లేవని మేము సంతోషపడ్డాం కూడా. "చీటీ వేయాలంటే మేడమ్ బల్ల ముందు నుంచే వెళ్లాలి కదండీ, ఎవరు వేస్తారు?" అని వారు అడిగారు. ఇన్ని తనిఖీ నివేదికల్లో "పెట్టె కలదు" అని రాసి ఉంది గాని, ఈ ప్రశ్న ఒక్కరూ వేయలేదు. పెట్టెను చేతులు కడుక్కునే చోటికి మార్చాం. మొదటి నెలలోనే పదకొండు చీటీలు వచ్చాయి. అందులో ఒకటి, రాత్రి బాత్‌రూమ్ దారిలో బల్బు లేక చిన్నపిల్లలు పక్క తడుపుతున్నారని. పక్క తడిపిన పిల్లలను అంతకాలం మేము డాక్టరుకు చూపిస్తూ వచ్చాం.

ఆదివారం దాతల రోజు. ఒక కుటుంబం తమ అబ్బాయి పుట్టినరోజు జరపడానికి కేకు, బిర్యానీ పొట్లాలతో వచ్చింది. మా పిల్లలు వరుసగా నిలబడి పాట పాడారు, ఫొటోలకు నిలబడ్డారు, పళ్లెం అందుకునే ముందు అందరూ కలిసి ధన్యవాదాలు చెప్పారు. ఏళ్ల తరబడి నేను ఆనందంగా చూసిన దృశ్యమే అది. ఆ సాయంత్రం మందుల దుకాణంలో పనిచేసే అమ్మాయి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఇలాంటి పాటలు ఎన్ని పాడానో లెక్కలేదు ఆంటీ. నా పుట్టినరోజు ఎప్పుడని మాత్రం ఎవరూ అడగలేదు" అంది. మేము రిజిస్టర్లు తీసి చూశాం. అసలు తేదీ తెలియని పిల్లలకు వయసు అంచనా వేసి రాసినప్పుడు చాలామందికి ఒకే తేదీ పడింది. ఆ పిల్లలను తమకు నచ్చిన రోజును ఎంచుకోనిచ్చి, కాగితాల మీది తేదీ ఏదైనా హోమ్‌లో ఆ రోజునే జరపమని బృందం సూచించింది. అమలు చేశాం. పాడేరు వైపు నుంచి వచ్చిన తొమ్మిదేళ్ల పాప అట్లతద్ది రోజు కావాలంది. దాతలు తీసే ఫొటోల్లో పిల్లల ముఖాలు ఉండకూడదన్న నియమాన్ని గేటు దగ్గరే రాసి పెట్టాం; 74వ సెక్షన్‌ను తేలికగా తీసుకున్నామని పైన అన్నది దీని గురించే. ఇద్దరు దాతలు రావడం మానేశారు. ఆ నష్టాన్ని భరించవలసిందే.

చిన్నవిగా కనిపించే సూచనలు ఇంకా కొన్ని ఉన్నాయి. ప్రతి పిల్లకూ ఇనుప పెట్టె ఉంది గాని తాళం లేదు. పూర్ణా మార్కెట్ నుంచి ముప్పై ఎనిమిది తాళాలు తెప్పించాం. బడికి తీసుకెళ్లే వ్యాను మీద హోమ్ పేరు పెద్ద అక్షరాలతో ఉండేది, దాన్ని చెరిపించాం.

నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచింది, పద్దెనిమిదేళ్లు నిండబోతున్న అమ్మాయిలతో వారు గడిపిన పూట. చట్టంలోని 46వ సెక్షన్ హోమ్ వదిలి వెళ్లేవారికి ఆర్థిక సహాయం గురించి చెబుతుంది. నమూనా నియమాలు ఇరవై ఒక్క ఏళ్ల వరకు, ప్రత్యేక పరిస్థితుల్లో మరో రెండేళ్లు తదనంతర సంరక్షణకు, అంటే హోమ్ వదిలాక కూడా అందే ఆసరాకు, వీలు కల్పించాయి. కేంద్ర ప్రభుత్వ బాలల సంరక్షణ పథకమైన మిషన్ వాత్సల్య మార్గదర్శకాల్లో దీనికి నెలకు 4,000 రూపాయల సహాయం ఉంది. ఈ సంగతులు మా పెద్ద పిల్లలు ఆరుగురిలో ఒక్కరికీ తెలియవు. మేము చెప్పలేదు. ఈ బృందం చట్టం చదివి వినిపించడంతో ఆగలేదు; బయటికి వచ్చిన మొదటి వారంలో తమకు ఏ కాగితం లేక పని ఆగిందో ఒక్కొక్కటీ చెప్పి, ప్రతి అమ్మాయి చేతా ఒక ఫైలు తయారు చేయించింది. ఆధార్‌లో హోమ్ చిరునామా ఉంటే బయటికి వచ్చాక దాన్ని మార్చుకోవడానికి అద్దె ఇంటి కాగితం లాంటి చిరునామా రుజువు కావాలి, తల్లిదండ్రుల పేర్లు లేని అమ్మాయికి ఇల్లు అద్దెకిచ్చేవారు దొరకడం కష్టం. 2022 ఏప్రిల్‌లో జిల్లాలను విభజించాక కొండ ప్రాంతం నుంచి వచ్చిన పిల్లల సొంత ఊళ్లు అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లాయి. ఇప్పుడు కుల ధ్రువీకరణ పత్రం కోసం వారు ఏ కార్యాలయానికి వెళ్లాలి, వెంట ఎవరు వెళ్లాలి అన్నది హోమ్‌లో ఉండగానే తేల్చి పెట్టాలని వారు పట్టుబట్టారు. ప్రతి బిడ్డకూ ఏడో నంబరు ఫారంలో వ్యక్తిగత సంరక్షణ ప్రణాళిక రాయాలి. మేము రాసినవాటిలో సగం ఒకే వాక్యాలతో ఉన్నాయని ఆటోనగర్ యువకుడు చూపించినప్పుడు నేను తల దించుకున్నాను.

పిల్లలకు సంబంధించిన విషయాల్లో పిల్లల మాట వినాలని ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలోని 12వ అధికరణం చెబుతుంది. మన దేశం 1992లోనే ఆ ఒడంబడికను అంగీకరించింది. స్కాట్లాండ్‌లో 2017 నుంచి 2020 వరకు సంరక్షణ వ్యవస్థను మొత్తంగా సమీక్షించినప్పుడు 5,500 మందికి పైగా మాటలు విన్నారు, వారిలో సగానికి మించినవారు ఆ వ్యవస్థలో ఉన్న లేదా అందులో పెరిగిన పిల్లలు, యువత. ప్రభుత్వమే పూనుకుని చేసిన పని అది. మన దగ్గర నలుగురు ఉద్యోగస్తులు సెలవులు పెట్టుకుని చేస్తున్నారు.

సేవలో లోపాలూ ఉన్నాయి, వాటిని దాచడం వారికే మేలు చేయదు. రెండు వారాల్లో ఇస్తామన్న నివేదిక ఏడు వారాలకు వచ్చింది. పదేళ్ల లోపు పిల్లలతో ఎలా మాట్లాడాలో వారికి అంతగా తెలియదు. పెద్దపిల్లలతో మాట్లాడినట్టే మాట్లాడితే చిన్నవాళ్లు బిక్కమొహం వేశారు. బి.ఎడ్. చదువుతున్న అమ్మాయి తాను పెరిగిన చోట వంటమనిషి పిల్లలను అన్నం మాన్పించి శిక్షించిందట. ఆ జ్ఞాపకంతో మా వంటామె మీద మొదటి రోజే అనుమానం పెట్టుకుని, అందరి ముందూ గట్టిగా ప్రశ్నించింది. పందొమ్మిదేళ్లుగా పిల్లలకు దోసెలు వేసి వేసి చేతులు కాల్చుకున్న మనిషి ఆమె. ఆ రోజు వంటింట్లో కూర్చుని ఏడ్చింది. మర్నాడు మిగిలిన ముగ్గురూ ఆ అమ్మాయితో మాట్లాడాక, ఆమే వెళ్లి క్షమాపణ చెప్పింది. ఒక హోమ్‌లో పెరిగిన అనుభవం అన్ని హోమ్‌లకూ కొలత కాదు. నలుగురు నాలుగు చోట్ల పెరిగినవారు కాబట్టే ఆ పొరపాటు అక్కడే సర్దుకుంది. ఒక్కరినే పిలిపించుకోవాలని చూసేవారు ఈ విషయం ఆలోచించాలి.

ఇంకొక సంగతి పిలిచేవారి బాధ్యతకు చెందినది. శనివారం రాత్రి రెండు గంటలకు నర్సు అమ్మాయి వరండా మెట్ల మీద ఒంటరిగా కూర్చుని ఉండడం మా కాపలా ఆమె చూసింది. వరుస మంచాల గదిలో, ఆ ఫినాయిల్ వాసనలో నిద్ర పట్టలేదని పొద్దున చెప్పింది. వారికి విడిగా ఒక గది ఇవ్వాలన్న ఆలోచన మాకు రాలేదు, వారూ అడగలేదు. మీరు పిలిస్తే ముందుగానే గది ఇవ్వండి, వారి గతం గురించి వారంతట వారు చెబితే తప్ప అడగకండి, దాతలను కూడా అడగనివ్వకండి.

నివేదికలో మేము ఇంకా అమలు చేయనిది ఒక్కటే మిగిలింది. ట్రస్టు కార్యవర్గంలో మా హోమ్‌లో పెరిగి బయటికి వెళ్లిన ఒకరికి ఓటు హక్కుతో శాశ్వత స్థానం ఇవ్వాలని వారు రాశారు. ఆహ్వానితులుగా కూర్చోబెడదాం, ఓటు ఎందుకని కొందరి వాదన. జీతాలు, దాతల నియమాలు, సూపరింటెండెంట్ నియామకం లాంటి నిర్ణయాలు తీసుకునే చోట ఓటు లేకపోతే, ఆ స్థానం సదస్సులో కప్పిన శాలువాతో సమానమని నేను రాతపూర్వకంగా ఇచ్చాను. రెండు సమావేశాలు వాదనలతోనే ముగిశాయి. వచ్చే సమావేశపు అజెండాలో అది మూడో అంశంగా ఉంది. ఈసారి కోశాధికారి గారు నా ప్రతిపాదనను బలపరుస్తానన్నారు.