కోళ్ళ గూటికి వల: నాలుగేళ్ళ వాడకం తర్వాత

తిరుచానూరు వైపు మా ఇల్లు. వెనక ఆరు సెంట్ల పెరడు, అందులో జామ, దానిమ్మ, నాలుగు బొప్పాయిలు, ఒక కాకర పందిరి, మూలన పది పన్నెండు నాటుకోళ్ళు. 2021 నవంబరు వానలకు పాత గూడు కూలిపోతే కొత్తది కట్టించి, దాని మీదా ముందున్న ఖాళీ జాగా మీదా నైలాన్ వల వేయించాను. నాలుగేళ్ళు దాటింది. అమ్మినవాళ్ళు చెప్పని సంగతులు కొన్ని ఈలోగా తెలిసివచ్చాయి.

మా పెట్ట గుడ్డు పెట్టగానే వీధంతా వినబడేలా అరుస్తుంది. ఆ కబురు నాకంటే ముందు కాకికి అందేది. నేను చేతులు తుడుచుకుని వంటింట్లోంచి వచ్చేసరికి పిట్టగోడ మీద గుడ్డు, దానికి బొటనవేలు పట్టేంత కంత, పక్కనే గోడకు ముక్కు రాసి తుడుచుకుంటున్న కాకి. ఒక వేసవిలో పదకొండు పిల్లల్లో ఏడింటిని ఎత్తుకుపోయాయి. గద్ద వస్తే తల్లికోడి ముందే పసిగట్టి రెక్కల కింద పిల్లల్ని దాచుకుంటుంది. కాకులతో ఆ వీలు లేదు. జంటగా వస్తాయి. ఒకటి తల్లి ముందు గంతులేసి రెచ్చగొడుతుంది, రెండోది వెనక నుంచి పని కానిస్తుంది.

పావురాలకు పిల్లలతో పనిలేదు, దాణా కావాలి. తిన్నంతా తిని నీళ్ళ తొట్టిలో రెట్ట వేసి పోతాయి. నాకు భయమంతా ఆ రెట్టతోనే. కొక్కెర తెగులు పావురాలకూ వస్తుంది, వాటి నుంచి కోళ్ళకూ అంటుతుంది. టీకాలు వేళకు వేయిస్తాను, అయినా తొట్టి మీద పావురాన్ని చూస్తే కడుపులో తిప్పుతుంది.

వలకు ముందు చాలా వాటికి డబ్బు తగలేశాను. వేరుసెనగ చేలలో కట్టే మెరుపు రిబ్బను పది రోజులు బాగానే పనిచేసింది. గాలికి బర్రుమంటుంటే గోరింకలు దగ్గరికి రాలేదు. తర్వాత దాని మీదే వాలి ఊగాయి. మా పెళ్ళి సీడీలు కట్టాం, వాటి సంగతీ అంతే. ప్లాస్టిక్ గుడ్లగూబను తెచ్చి గూటి మీద నిలబెడితే కాకుల కంటే ముందు మా అత్తయ్య హడలిపోయారు. "ఇంటి మీద గుడ్లగూబను పెడతావా, తీసెయ్యమ్మా!" అన్నారు. సాయంత్రానికల్లా తీసేశాను.

అన్నిటికంటే దండగ, మనకు వినబడని శబ్దంతో పక్షులను తరుముతుందన్న యంత్రం. 1,800 రూపాయలు. నెల రోజులు పావురాలు దాని పక్కనే కూర్చుని ఎండ కాచుకున్నాయి. తర్వాత చదివితే తెలిసింది: మనకు వినబడనంత పై స్థాయి శబ్దాలు పక్షులకూ వినబడవు. గబ్బిలాలకైతే వినబడుతుంది గానీ, వాటితో నాకు తగవు లేదు.

ఇక వల. కొనేటప్పుడు తేల్చుకోవలసింది కంత కొలత. మొదట పావురాలకు సరిపోయే 50 మిల్లీమీటర్లది వేశారు. కాకులూ పావురాలూ ఆగాయి, గోరింకలు మాత్రం రెక్కలు ముడుచుకుని దర్జాగా లోపలికి నడిచాయి. విప్పించి 30 మిల్లీమీటర్లది వేయించాను. బిగింపుతో కలిపి చదరపు అడుగుకు 14 రూపాయలు పడింది. పిచ్చుకలు ఇప్పటికీ దూరుతాయి. అవి తినే నూకలెన్నిలే అని ఊరుకున్నాను. ఈ గోరింకలనే 1860లలో పురుగులు తింటాయని మెల్‌బోర్న్ తీసుకెళ్ళి వదిలారట, ఇప్పుడు అక్కడ వాటిని బోన్లు పెట్టి పడుతున్నారని మా మేనల్లుడు చెబుతాడు. ఇక్కడ అవి మన సొంత పిట్టలు, పట్టుకుని ఎక్కడికి పంపుతాం? దానిమ్మకు వచ్చే చిలకలను పట్టిస్తానని ఒకతను బేరానికి వచ్చాడు. 1972 వన్యప్రాణి చట్టం కింద అది నేరమని చెప్పి పంపేశాను. కాయలకు గుడ్డ సంచులు కట్టాను, సరిపోయింది.

వల లోపాలూ చెప్పాలి. ఐదేళ్ళు గ్యారంటీ అన్నారు. పడమటెండ పడే మూల మూడో ఏడాదికే గోటితో గీకితే దారం పొడిపొడిగా రాలింది. కోతులు వచ్చిన రోజున ఏ వలా నిలవదు. రాలిన జామాకులు వాన నీళ్ళకు బరువెక్కి నడుమ తొట్టిలా జారుతుంది, వారానికొకసారి కర్రతో కింద నుంచి తట్టాలి. అసలు తప్పు మాత్రం నాది. నేల దగ్గర అడుగు మేర వల వదులుగా పడి ఉంటే పట్టించుకోలేదు. ఒక తెల్లవారి చూస్తే అందులో ఒక జెర్రిపోతు. ముందుకు తోసుకుపోయిన కొద్దీ దారం పొలుసుల కిందికి దిగి, మెడ దగ్గర చర్మం ఉబ్బిపోయింది. పాములు పట్టే కుర్రాడు వచ్చి దాని తల మీద తడి తువ్వాలు కప్పి, గోళ్ళు తీసే చిన్న కత్తెరతో ఒక్కొక్క పోగూ తెంచడానికి అరగంట పట్టింది. ఆ రోజే కింది అంచును మడిచి తీగకు బిగించి కట్టించాను.

వల ఒక్కటే చాలలేదన్నది కూడా నిజం. మా ఇంట్లో మామయ్య తిథి నాడు కాకి ముట్టందే ఎవరూ విస్తరి ముందు కూర్చోరు. అత్తయ్య రోజూ తినబోయే ముందు పెరటి గోడ మీద కాకికి ముద్ద పెట్టేవారు. ఒకవైపు పిలుపు, ఒకవైపు తరుముడు! మానమని చెప్పే ధైర్యం నాకు లేదు. బతిమాలి ఆ ముద్దను వీధివైపు మిద్దె మీదికి మార్పించాను, అదీ నేను గుడ్లు ఏరుకున్నాకే. దాణా పొద్దున అరగంట, సాయంత్రం అరగంట పెట్టి తొట్టి ఎత్తేస్తాను. పక్కింటి పెద్దాయన మాత్రం పుణ్యమని మిద్దె మీద జొన్నలు చల్లడం మానలేదు. పావురాలు మకాం అక్కడికి మార్చాయి. ఆయన నీళ్ళ ట్యాంకు మూత గురించి ఒకసారి హెచ్చరించి వచ్చాను.

మొన్నటి విడతలో తొమ్మిది పిల్లలకు ఎనిమిది దక్కాయి. పోయిన ఆ ఒక్కటీ నీళ్ళ తొట్టిలో పడింది. వచ్చే వేసవికి కింది మూడడుగులూ ఇనుప జాలీ వేయిస్తాను. పైన మాత్రం మళ్ళీ అదే వల, అదే 30 మిల్లీమీటర్లది.