వండర్ గర్ల్స్ ‘రీబూట్’: మారిన సభ్యులు, మారని పాతకాలపు పరిమళం

కొరియా బృందం వండర్ గర్ల్స్ 2015 ఆగస్టులో విడుదల చేసిన ‘రీబూట్’ ఆల్బమ్‌ను, వారి సభ్యత్వంలో జరిగిన మార్పులను పక్కన పెట్టి అంచనా వేయడం నాకు సాధ్యం కాలేదు. 2007లో ఐదుగురితో మొదలైన ఈ బృందం నుంచి ఆ ఏడాదే హ్యునా తప్పుకోగా యూబిన్ వచ్చింది; 2010లో సన్మీ స్థానంలో హ్యెరిమ్ చేరింది; తరువాత సోహీ, నాయకురాలు సన్యే వైదొలిగారు. అరవైల నాటి అమెరికన్ గాయనీ బృందాల వేషాన్ని, బాణీని తలపించిన ‘నోబడీ’ పాటతో 2009లో అమెరికాలోని ప్రముఖ పాటల పట్టిక బిల్‌బోర్డ్ హాట్ 100కు ఎక్కిన తొలి కొరియన్ బృందం వీరిదే (అందులో 76వ స్థానం లభించింది).

‘రీబూట్’లో వారు అరవైలను వదిలి ఎనభైల సింథ్ (సింథసైజర్ అనే ఎలక్ట్రానిక్ వాద్యం) సంగీతానికి వచ్చారు. తిరిగి వచ్చిన సన్మీ బేస్ గిటార్, యూబిన్ డ్రమ్స్, హ్యెరిమ్ గిటార్, మొదటి నుంచీ ఉన్న యెయున్ కీబోర్డు చేపట్టి నృత్యబృందాన్ని వాద్యబృందంగా మార్చారు. మొత్తం 12 పాటల్లో చాలావాటి రచనలో సభ్యులే పాలుపంచుకున్నందువల్ల, ఈ పాతకాలపు ధ్వని ఎవరో తొడిగిన దుస్తుల్లా కాక వారి సొంత అభిరుచిగా వినిపిస్తుంది. బేస్ నాదం ముందుకు వచ్చిన చోట్ల నాకు ఎంతో ఆనందం కలిగింది. అయితే పతాకస్థాయి గానం అవసరమైనప్పుడు సన్యే గొంతు లేని లోటు స్పష్టంగా తెలుస్తుంది.