అక్క కుందేలుకు ఏ టీకా?

పటమటలో చాలాకాలంగా కుందేళ్లు పెంచుతున్నానని, బ్రిటన్‌లోని అక్క తన కుందేలుకు ఏ టీకా మేలని నన్నడిగింది.

నోబివాక్ మిక్సో ఆర్‌హెచ్‌డీ ప్లస్ అనే టీకా రెండు జబ్బులకూ కలిపి ఒక్క సూదే. మిక్సోమటోసిస్ అనే కుందేళ్ల వైరస్ జబ్బు తీవ్రతను తగ్గిస్తుంది, కుందేళ్ల రక్తస్రావ వ్యాధి (ఆర్‌హెచ్‌డీ) మరణాలనూ, 2010లో ఫ్రాన్స్‌లో బయటపడిన దాని రెండో రకంతో సహా, తగ్గిస్తుంది. 5 వారాల వయసు నుంచే వేయవచ్చు, రక్షణకు 3 వారాలు పడుతుంది.

ఫిలావాక్ అనే మరో టీకా వారంలోనే పనిచేస్తుంది, కానీ రక్తస్రావ వ్యాధికి మాత్రమే. 10 వారాలు నిండాలి.

దోమలు మోసే మిక్సోమటోసిస్‌ను గాలికి వదలలేను కనుక నా మొగ్గు ప్లస్‌కే. ఒక్క చిక్కుంది: ఇందులో రక్తస్రావ వ్యాధి టీకా భాగాన్ని మోసే వాహకం, మిక్సోమటోసిస్ తెచ్చే మిక్సోమా వైరసే. మిక్సోమటోసిస్ ముందే వచ్చి తగ్గిన కుందేలు శరీరం ఆ వాహకాన్ని వెంటనే అణచేయవచ్చు కనుక, దానిలో రక్తస్రావ వ్యాధికి రక్షణ సరిగా ఏర్పడకపోవచ్చు. అలాంటిదైతే ఫిలావాక్ కూడా వేయించాలేమో వైద్యుణ్ణి తప్పక అడగమన్నాను.