ఏడేళ్లు వాడాక చెప్తున్నా: దేశమంతటికీ ఒకే హాస్పిటల్ సాఫ్ట్‌వేర్ (5కి 2)

వార్డులో నర్సుని, ఏడేళ్లుగా రోజూ దీంతోనే కాపురం కాబట్టి రాస్తున్నా. పేరు చెప్పను. దేశంలో ప్రతి పేషెంట్ రికార్డూ ఒకేచోట ఉండాలని పైనుంచి దింపిన సిస్టమ్.

ముందు మంచి చెప్తా. ఎక్స్‌రే, స్కాన్ స్క్రీన్ మీదకే వచ్చేస్తాయి. ఒకప్పుడు ఫిల్మ్ కోసం రేడియాలజీకి మనిషిని పంపి, అది డాక్టర్ గదిలో ఉందో థియేటర్‌లో ఉందో తెలీక తిరిగేవాళ్లం. ఈ ముక్క వాడమని ఎవర్నీ బతిమాలాల్సిన పని పడలేదు, వారంలో అందరికీ అలవాటైపోయింది.

మిగతాదంతా తలనొప్పే. నైట్ డ్యూటీలో ఒక్క బీపీ ఎక్కించాలంటే లాగిన్ అవ్వాలి, పేషెంట్‌ని వెతకాలి, ఇంకో పేజీకి వెళ్లాలి, అక్కడ నొప్పి స్కోరు నింపకపోతే సేవ్ అవదు. మనిషి హాయిగా నిద్రపోతుంటే నొప్పి ఎంతుందని లేపి అడగాలా? సున్నా కొట్టేస్తాం. ఈలోపు పక్క బెడ్ వాళ్లు పిలుస్తారు, వెళ్లొచ్చేసరికి లాగౌట్ అయిపోయి కొట్టిందంతా పోయి ఉంటుంది. అందుకని ఏం చేస్తామంటే రీడింగులన్నీ చీటీ మీద రాసుకుని జేబులో వేసుకుని, తెల్లారాక కూర్చుని ఒకేసారి ఎక్కిస్తాం, రాత్రి రెండింటి బీపీ రికార్డులో ఆరింటిది అయి కూర్చుంటుంది. (టైమ్ మార్చొచ్చు, దానికి ఇంకో మూడు క్లిక్కులు.) పైన ఎవరో ఆ డేటాతో గ్రాఫులు గీసుకుంటుంటారు పాపం.

ఇది మా ఒక్కళ్ల గోలే అనుకునేదాన్ని, ఇంగ్లండ్ సంగతి చదివేదాకా. 2002లో వాళ్ల సర్కారీ వైద్య వ్యవస్థ ఎన్‌హెచ్‌ఎస్‌కి ఇలాంటిదే మొదలెట్టారు, దేశాన్ని 5 ముక్కలు చేసి 4 పెద్ద కంపెనీలకి హడావిడిగా కాంట్రాక్టులు రాసిచ్చేశారు. 2006లో వాళ్ల ఆడిట్ ఆఫీసు మొత్తం ఖర్చు 1240 కోట్ల పౌండ్లని లెక్కేసింది. అదే ఏడాది ఆ నాలుగింట్లో ఒకటైన యాక్సెంచర్ తప్పుకుంది, 2008లో ఇంకోటైన ఫుజిట్సు కాంట్రాక్టు తెగింది, 2011లో సర్కారే ఇక దీన్ని విప్పేస్తున్నాం అంది. కానీ అందులోనూ ఎక్స్‌రేల సిస్టమ్ మాత్రం 2007 చివరికల్లా హాస్పిటళ్లకి చేరిపోయింది! చదివి నవ్వొచ్చింది. టైప్ చేసేవాళ్లకి చాకిరీ తగ్గిస్తే ఏ సాఫ్ట్‌వేరైనా నిలబడుతుంది, కిందవాళ్లు టైప్ చేస్తుంటే పైవాళ్లకి రిపోర్టు రావడానికే అయితే జేబులో చీటీలు పుడతాయి, కొనేవాళ్లెప్పుడూ నైట్ డ్యూటీ చేయరు కదా మరి.

ట్రైనింగ్ గురించి పెద్దగా చెప్పడానికేం లేదు, ఒక పూట పెట్టారు, అందులో పేషెంట్‌కి ఒకటే జబ్బు, ఒకటే మందు.

ఆ నొప్పి గడి తీసేయమని మూడేళ్ల కింద కంప్లైంట్ పెట్టాం. మా ఐటీ వాళ్లు మంచోళ్లే గానీ వాళ్ల చేతుల్లో ఏం లేదు, మారిస్తే దేశమంతా ఒకేసారి మారాలట, పసిపిల్లల వార్డుకీ ఐసీయూకీ ఓపీకీ ఒకే ఫారం మరి. టికెట్ ఇంకా ఓపెన్‌లోనే ఉంది. కిందటి అప్‌డేట్‌లో సేవ్ బటన్ రంగు మార్చారు.

రెండు స్టార్లు దేనికంటే ఒకటి ఎక్స్‌రేలకి, ఇంకోటి మా ఐటీ కుర్రాళ్ల ఓపికకి. ఒకేచోట రికార్డు అన్నారే, మొన్న వేరే హాస్పిటల్ నుంచి ఒకాయన్ని మా దగ్గరికి పంపారు, ఆయన రికార్డంతా నలభై పేజీలు ప్రింట్ తీసి ఫైల్లో పెట్టి చేతికిచ్చారు, దాన్ని మళ్లీ మేమే టైప్ చేశాం.