మోడల్ రైళ్లు: కాటో, హార్న్‌బీ, మార్క్లిన్‌లలో ఏది కొనాలి?

తిరుపతిలో మేడ మీది చిన్న గదికి కాటో ఎన్ గేజ్ చక్కగా సరిపోతుంది. గేజ్ అంటే పట్టాల మధ్య దూరం, ఇందులో 9 మి.మీ.; యూనిట్రాక్ అనే కాటో పట్టాల ముక్కలు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుంటాయి, విప్పి పెట్టెలో సర్దేయొచ్చు. జపాన్ పవర్ ప్యాక్ మాత్రం 100 వోల్టులది, మన 230 వోల్టుల ప్లగ్గులో నేరుగా పెడితే కాలిపోతుంది.

హార్న్‌బీ, మార్క్లిన్ రెండిటికీ గేజ్ 16.5 మి.మీ. అయినా కలవవు. మార్క్లిన్ ఇంజన్ పట్టాల నడుమ ఉండే బొడిపెల నుంచి కరెంటు తీసుకుంటుంది. చక్రాలకు ఇన్సులేషన్ ఉండదు కాబట్టి హార్న్‌బీ ట్రాక్ మీద పెట్టగానే షార్టవుతుంది.

మామూలు డీసీ కంట్రోలర్‌తో ఒకే ట్రాక్ మీద రెండు ఇంజన్లుంటే రెండూ కలిసే కదులుతాయి. విడిగా నడపాలంటే డీసీసీ (ఒక్కో ఇంజన్‌కు దాని నంబరుతో డిజిటల్ ఆదేశాలు పంపే పద్ధతి) కావాలి. ఇంజన్‌లో ఆ ఆదేశాలు అందుకునే చిప్పే డీకోడర్; కొత్తది సాధారణంగా అడ్రస్ (నంబరు) 3తో వస్తుంది. అందుకే ఒక్కో ఇంజన్‌నే ప్రోగ్రామింగ్ ట్రాక్ (సెట్టింగులు మార్చే విడి ట్రాక్) మీద పెట్టి నంబరు మార్చాలి. మార్క్లిన్ డిజిటల్ పద్ధతి ఎంఎఫ్‌ఎక్స్‌లో ఆ తిప్పలు లేవు, ఇంజన్ తనే నమోదవుతుంది. పిల్లలున్న ఇంటికి ఎక్కువ ధర పెట్టినా అదే మేలు.

ఏది కొన్నా మన దుమ్ముకు ఇంజన్ ఆగి ఆగి నడుస్తుంది. పట్టాలను ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన నూలుగుడ్డతో తుడవండి. గరుకు కాగితం వద్దు, ఆ గీతల్లోనే మళ్లీ మురికి పట్టేస్తుంది.